‘కొంచెం’ అని రాశాను

మేడం కుక్క కడుపుతో ఉందని మొదట ప్రకటించింది నేనే. ఎవరూ అడగలేదు. తార్నాకలో మేడం ఫ్లాట్‌లో వంట చేయడం, ఇల్లు తుడవడం, రోజుకు రెండుసార్లు కుక్కను తిప్పడం నా పనులు. కడుపు చూసి చెప్పడం అందులో లేదు. కానీ ఇద్దరిని కన్నదాన్ని, మా ఊళ్లో పది కాన్పులకు వేడినీళ్లు కాచి అందించినదాన్ని, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అనుకున్నాను. నీళ్లు కాచడం వేరు, కాన్పు చేయడం వేరు అన్న సంగతి అప్పట్లో నేను పెద్దగా పట్టించుకునేదాన్ని కాదు.

అది లేత గోధుమరంగు లాబ్రడార్. నాలుగేళ్లది. మేడం పెట్టిన ఇంగ్లిష్ పేరు నా నోటికి తిరగదు. నేను ‘బిడ్డా’ అంటాను. చేతిలో తినేది ఉంటే అది ఏ పేరుతో పిలిచినా వస్తుంది. మేడం యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు, ఒక్కరే ఉంటారు. ఈ కుక్క తల్లినీ, ఆ తల్లి తల్లినీ కూడా ఆ ఇంట్లోనే పెంచారు. ఇది ఒకసారి ఈని ఆరు పిల్లల్ని పెట్టింది. మేడంతో పనిచేసినవాళ్లు వచ్చి అన్నిటినీ తలా ఒకటి తీసుకుపోయారు. ఎవరికీ లేదనలేక ఆఖరి ఆడపిల్లను కూడా ఇచ్చేసి, తర్వాత నెల రోజులు మేడం దాని గురించే మాట్లాడారు. ఇంకొక్క ఈత కావాలి, ఈసారి ఒక ఆడపిల్లను ఇంట్లోనే ఉంచుకోవాలి. ఆమె కోరిక అంతే.

అందుకని చలికాలం చివర అది ఎదకు రాగానే ఆటో ఎక్కించి మెట్టుగూడ తీసుకుపోయాం. అక్కడ రైల్వే క్వార్టర్లలో ఒకాయన దగ్గర మంచి మగకుక్క ఉంది. ఎటు పోతున్నరమ్మా అని ఆటోవాడు అడిగితే మేడం, అంత చదువుకున్న మనిషి, చుట్టాల ఇంటికి అని చెప్పారు. నేను కిటికీ లేని ఆటోలో కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఐదో వారానికి కుక్కకు పొట్ట వచ్చింది. మందంగా నడవడం, మూలకు పడుకోవడం, గిన్నెలు గిన్నెలు నీళ్లు తాగడం మొదలుపెట్టింది. అప్పుడే నేను నా ప్రకటన చేశాను. మేడం కంటికి అంతకు వారం ముందే శుక్లం ఆపరేషన్ అయింది. చదవొద్దు, రాయొద్దు, వంగొద్దు అని డాక్టర్లు చెప్పారు. కాబట్టి కుక్క సంగతి పూర్తిగా నా చేతిలో పడింది. నేను ఒక శుక్రవారం పెరుగన్నం కలిపి పెట్టి, దాని నుదుట ఇంత కుంకుమ కూడా పెట్టాను. అది కుంకుమను నాలుకతో అందుకోవడానికి చాలాసేపు ప్రయత్నించింది.

పెరుగన్నం మాత్రం సగమే తిన్నది. నేను అర్థం చేసుకోవాల్సింది అక్కడే. కడుపుతో ఉంటే వికారం సహజమే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

మరో రెండు రోజులకు దాని పక్కబట్ట మీద మరక కనిపించింది. ఆడవాళ్లం తెల్లబట్ట అంటామే, అలాంటిది. వేడి చేసింది అనుకున్నాను. మా ఊళ్లో ఏ ఆడదానికైనా తెల్లబట్ట అయితే మొదటి మాట వేడి, మొదటి మందు బార్లీ నీళ్లు. కుక్కకు బార్లీ నీళ్లు కాచాను. సబ్జా గింజలు నానబెట్టాను. అసలే నీళ్లమీద నీళ్లు తాగుతున్న కుక్క అవి కూడా తాగి, ఇల్లంతా తడిపింది. వేడి బయటికి పోతున్నదని నేను సంతోషించాను.

మేడంకు చెప్పలేదు. దాచాలని కాదు, అది చెప్పే విషయమని నాకు తట్టలేదు. ఆ బట్టను ఎవరూ లేవకముందే ఉతికి, ఇంకొకరి కంట పడకుండా వేరే బట్ట కింద ఆరేయడం నేను పన్నెండో ఏట నేర్చుకున్న పని. మా అమ్మ నేర్పింది. మా అమ్మకు వాళ్ల అమ్మ నేర్పింది. నేను కుక్క పక్కబట్టను మేడం లేవకముందే వచ్చి ఉతికి, బాల్కనీలో మేడం నేత చీర కింద ఆరేసేదాన్ని. వేపాకు వేసి కాచిన నీళ్లతో దాని వెనక భాగం తుడిచేదాన్ని. పది రోజులు అలా చేశాను. పది రోజులూ ఆ ఇంట్లో ఒక్క మరక, ఒక్క వాసన లేదు. జబ్బు ఆనవాలు లేకుండా ఇల్లు కడగడంలో నన్ను మించినవాళ్లు తార్నాకలో లేరు.

పదకొండో రోజు కుక్క వాంతి చేసుకుంది. లేపితే లేవలేదు. మేడం ఒక్క ఫోన్ చేసి ఆటో పిలిపించారు. క్లినిక్ మెట్టుగూడ వెళ్లే దారిలోనే ఉంది. డాక్టరు చిన్న వయసువాడు, నెమ్మదస్తుడు. దాని పొట్ట మీద జిగురు పూసి స్కాన్ మిషన్ పెట్టి, తెర మా వైపు తిప్పాడు. నల్లటి గొట్టాలు కనిపించాయి.

“పిల్లల్లేవు మేడం. గర్భసంచిల చీము నిండింది. ఎద అయిపోయినంక గిట్ల అయితది కొన్నిటికి. ఎన్ని రోజుల నుంచి కారుతున్నది?”

“కారుడా? ఏం కారలేదు,” అన్నారు మేడం.

డాక్టరు నా వైపు చూశాడు. దాని తోక ఎత్తి చూసినవాడు కాబట్టి అతనికి తెలిసిపోయింది. “నిన్నటి నుంచి, కొంచెం,” అన్నాను.

అదే మొదటి ‘కొంచెం’.

డాక్టరు రెండు దారులు చెప్పాడు. గర్భసంచి తీసేస్తే జబ్బు వేరుతో సహా పోతుంది, అదే భద్రం. కానీ దీనికి వయసు తక్కువ, రక్త పరీక్ష మరీ చెడ్డగా లేదు, గర్భసంచి మూతి తెరుచుకుని ఉంది, చీము బయటికి వచ్చే తోవ ఉంది. పిల్లలు కావాలనుకుంటే మందులతో ప్రయత్నించవచ్చు. చీము ఇంకా పట్టకుండా యాంటీబయాటిక్, పొద్దున సాయంత్రం ఒక ఇంజెక్షన్. ఆ ఇంజెక్షన్ గర్భసంచిని పిండి చీమును బయటికి తోస్తుంది. పనిచేయవచ్చు, చేయకపోవచ్చు. మధ్యలో మూతి మూసుకుందంటే విషం ఒళ్లంతా ఎక్కుతుంది, అప్పుడు ఆలోచించేది ఉండదు, ఆపరేషనే.

మేడం చాలాసేపు కుక్క చెవి నిమురుతూ ఉన్నారు. తర్వాత మందులతో చూద్దాం అన్నారు.

ఇంట్లో సూది వేయాల్సింది నేనే కాబట్టి, ఎలా వేయాలో చూపిస్తూ డాక్టరు నాకు జాగ్రత్తలు చెప్పాడు. ఇంజెక్షన్ అయ్యాక ఒక గంట రొప్పుతుంది, చొంగ కారుస్తుంది, వాంతి చేసుకోవచ్చు, భయపడొద్దు, నెమ్మదిగా నడిపించాలి. తర్వాత కొంచెం ఇబ్బందిగా ఆగాడు. “ఈ మందు చేతికి అంటొద్దమ్మా. కడుపుతోటి ఉన్నోళ్లు, ఉబ్బసం ఉన్నోళ్లు అస్సలు ముట్టొద్దు. ఆడవాళ్ల గర్భసంచికి కూడ పనిచేస్తది ఇది.”

“నాకు గర్భసంచే లేదు సార్. నీళ్లోలె పోస్కున్నా ఏం కాదు,” అన్నాను.

నా వయసు యాభై ఎనిమిది. గర్భసంచి మాట ఎత్తకుండా వయసు చెప్పినా జవాబు సరిపోయేది. డాక్టరు మళ్లీ స్కాన్ కాగితాలు చదవడం మొదలుపెట్టాడు.

నాది ఇరవై ఆరో ఏట తీసేశారు. తెల్లబట్ట అవుతోంది, నడుము లాగుతోంది అని పట్నంలో ఒక డాక్టరు దగ్గరికి పోతే, ఎంత అవుతోంది అని అడిగాడు. మస్తు అయితున్నది సారూ అని వివరంగా చెప్పాను. ఎవరైనా నా మాట అంత శ్రద్ధగా వినడం అదే మొదటిసారి, అందుకని ఉన్నదానికి ఇంకాస్త కలిపి కూడా చెప్పాను. అతను తీసేయకపోతే క్యాన్సర్ అవుతుందన్నాడు. ఒక కాగితం తెచ్చారు, నేను వేలిముద్ర వేశాను. అందులో ఏం రాసి ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. మా వాడకట్టులో ఆ రెండేళ్లలో నలుగురం తీయించుకుని వచ్చాం, ముప్పై నిండకుండానే నడుము పట్టుకుని నడవడంలో ఒకరికొకరం తోడయ్యాం. ఆ డాక్టరు మీద కంటే నాకు నా నోటి మీదే ఎక్కువ కోపం వచ్చింది. నేను మస్తు అనకుండా ఉంటే తీసేవాడు కాదేమో. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. డాక్టరు ఏది అడిగినా కొంచెం అనాలి. జ్వరం కొంచెం, నొప్పి కొంచెం, ఒకసారి చేయి విరిగితే అది కూడా కొంచెమే. ముప్పై ఏళ్లు ఆ నియమం మీద నడిచాను, ఇంకే భాగమూ పోగొట్టుకోలేదు కాబట్టి అది పనిచేస్తున్నదని నమ్మాను.

ఇక నోటుబుక్కు సంగతి. ప్రతిరోజూ నీళ్లు ఎన్ని గిన్నెలు తాగింది, ఎంత తిన్నది, వాంతి, జ్వరం, స్రావం ఎంత, ఏ రంగు, అన్నీ రాసి ఫోటో తీసి పంపమన్నాడు డాక్టరు. మేడం కన్ను ఇంకా రాయడానికి వీల్లేదు. “నువ్వు రాస్తవా?” అని నన్ను అడిగారు.

ఆ మాట కోసం నేను నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నాను. అంతకుముందు యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మెస్సులో రొట్టెలు చేసేదాన్ని. అక్కడ పీహెచ్‌డీ చేసే ఒక అమ్మాయి సాయంత్రాలు మెస్సులో పనిచేసే మా నలుగురికి అక్షరాలు నేర్పించింది. మిగతా ముగ్గురూ మధ్యలో మానేశారు, నేను మానలేదు. తెలివి ఉండి కాదు, టీ పోసేవాళ్లు. అక్షరాలు వచ్చాక నాతో ఎవరూ నడవలేకపోయారు. తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ గేటు దాకా ఉన్న ప్రతి తెలుగు బోర్డునూ పైకి చదివేదాన్ని. బస్సు కిటికీ నుంచి చదువుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయేదాన్ని. చదవడం రానప్పుడు ఒక్కసారి కూడా స్టాపు దాటలేదు. అంత చదువుకున్నా నన్ను ఏదైనా రాయమని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మరునాడు పొద్దున క్యాంపస్‌లో ఆ అమ్మాయిని కలిసి నోటుబుక్కులో గళ్లు గీయించుకున్నాను. నేను ఆమెను పంతులమ్మా అంటాను, ఆమె నన్ను పెద్దమ్మా అంటుంది. స్కేలు పెట్టి నిలువు గీతలు గీసి, పైన ఏ గడిలో ఏం రాయాలో రాసిచ్చి, ముఖం గంభీరంగా పెట్టి చెప్పింది. “చూడు పెద్దమ్మా, చూసింది రాయాలె. అనుకున్నది రాయొద్దు.”

“గంత తెల్వదా పంతులమ్మా నాకు,” అన్నాను.

మొదటి ఇంజెక్షన్ తర్వాత క్యాంపస్ రోడ్ల మీద నడిపించడం నేను మరిచిపోలేను. పొద్దున నడకకు వచ్చేవాళ్లంతా మమ్మల్ని చూస్తున్నారు. కుక్క నాలుక గజం బయటికి పెట్టి రొప్పుతోంది, చొంగ తీగలుగా వేలాడుతోంది, పది అడుగులకోసారి నిలబడి వాంతికి పోతోంది. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ఆగి ఏమైందమ్మా అని అడిగాడు. గర్భసంచిలో చీము అని మగమనిషికి ఎలా చెప్పను? గ్యాస్ అన్నాను. ఆయన మాతో పాటు రెండు మలుపులు నడిచి, వాము ఎలా వేయించాలో, ఎంత ఉప్పు కలపాలో మొత్తం చెప్పి వెళ్లాడు. మరునాడు మళ్లీ ఎదురై వాము పెట్టావా అని అడిగాడు. పెట్టాను, కొంచెం నయం అన్నాను. 

అరగంట తర్వాత అసలు సంగతి మొదలైంది. కుక్క నిలబడిన చోటే చీము ధార కట్టింది. మందు వేస్తే తగ్గాలి కదా, ఇదేమిటి పెరిగింది? చేతిసంచిలో పాతబట్టలు, సీసాలో నీళ్లు తెచ్చుకున్నాను. రోడ్డు మీద మోకాళ్లమీద కూర్చుని తుడిచాను, నీళ్లు పోసి మళ్లీ తుడిచాను. ఆ యూనివర్సిటీలో ఎంతోమంది పెద్ద పెద్ద పనులు చేసి ఉంటారు, రోడ్డును చేత్తో కడిగింది మాత్రం నేనే అయి ఉంటాను.

డాక్టరు బయటికి తోస్తుంది అని చెప్పిన మాట నేను వినలేదా అంటే, విన్నాను. మాట చెవిలోనే ఉంది. కానీ ఎక్కువ అని రాయాల్సిన గడి ముందు కూర్చునేసరికి ఆ మాట ఎటు పోయిందో పోయింది. నాకు ఇరవై ఆరో ఏటి డాక్టరు బల్ల కనిపించింది. ఎక్కువ అని రాస్తే తీసేస్తారు. పాపం ఇది నోరు లేనిది, దీని తరఫున మస్తు అని నేను ఎందుకు చెప్పాలి? స్రావం అన్న మాట కింద గుండ్రటి అక్షరాలతో ‘కొంచెం’ అని రాశాను. రంగు అన్న చోట ‘మామూలు’ అని రాశాను. సాయంత్రం మళ్లీ ధార కట్టింది, మళ్లీ ‘కొంచెం’. రెండో రోజు ఇంకా ఎక్కువైంది. ‘కొంచెం’. మూడో రోజు పొద్దున నాకు ధైర్యం పెరిగి ‘లేదు’ అని రాశాను. బట్టలు మాత్రం చీర కింద వరసగా ఆరుతున్నాయి. నేను చదివి వినిపిస్తే మేడం విని, పేజీ ఫోటో తీసి డాక్టరుకు పంపేవారు. దస్తూరి ముత్యాల్లా ఉందని డాక్టరు మెచ్చుకున్నాడని కూడా చెప్పారు. నోటితో చెప్పిన అబద్ధాన్ని ఎవరూ ఎప్పుడూ అలా మెచ్చుకోలేదు.

మూడో రోజు మధ్యాహ్నం డాక్టరు ఫోన్ చేశాడు. మేడం స్పీకర్ పెట్టారు. నేను పప్పు కడుగుతూ విన్నాను.

“కొంచెం, కొంచెం, ఇప్పుడేమో లేదు అని రాసిన్రు. జ్వరం నూటమూడు దాటింది. అంటే మూతి మూసుకుంటున్నట్టున్నది మేడం. లోపల ఆగిపోతే ప్రాణానికే వస్తది. ఇగ రిస్కు తీస్కోవద్దు. సాయంత్రం నుంచి ఏం తినిపియ్యకుండ్రి, పొద్దున్నే తీస్కరండి. తీసేద్దాం.”

మేడం సరే అన్నారు. ఫోన్ పెట్టేసి నేల మీద కుక్క పక్కన కూర్చున్నారు, వంగొద్దన్న మాట మరిచిపోయి. “పోనీ. ప్రాణమన్న దక్కుతది గదా,” అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు. తర్వాత, పిల్లల కోసం అటక మీద నుంచి దింపించిన చెక్కపెట్టె మళ్లీ పైన పెట్టేయమని నాకు చెప్పారు.

నేను పెట్టె ఎత్తాను. నిచ్చెన దగ్గరికి పోయాను. మొదటి మెట్టు మీద నిలబడిపోయాను. దీని గర్భసంచి పోకూడదని నేను రాసిన రాతే దాన్ని ఆపరేషన్ బల్ల దాకా తీసుకుపోతోంది. అప్పుడు నాది మస్తు అని నోటితో చెప్పి పోగొట్టుకుంటే, ఇప్పుడు దీనిది కొంచెం అని చేత్తో రాసి పోగొడుతున్నాను. ముప్పై ఏళ్లలో నేను నేర్చుకున్న తెలివి అంతా కలిపి ఇంత.

పెట్టె దించి, బాల్కనీకి పోయి, చీర పక్కకు లాగి, దాని కింద ఉన్న బట్టలన్నీ బకెట్లో వేసుకుని వచ్చాను. ఆ పొద్దున తుడిచిన బట్ట ఇంకా ఉతకలేదు, కవర్లో ఉంది. అది కూడా తెచ్చి మేడం ముందు పెట్టాను.

“ఇవేంది?” అన్నారు మేడం.

“కొంచెం కాదు మేడం. మస్తు పోతున్నది. పొద్దున రోడ్డు మీద చెంబెడు పోయింది. నేనే తప్పు రాసిన.”

మేడం కవరు విప్పి వాసన చూసి ముఖం తిప్పుకున్నారు. కళ్లకు పెట్టుకున్న నల్లద్దాలు తీసి నన్ను చూశారు, అదీ చేయకూడని పనే. “ఎందుకు?”

“ఎక్కువని రాస్తే తీసేస్తరని.”

ఆ మాట విన్నాక కోప్పడితే నాకు తేలికయ్యేది. క్లినిక్‌లో గర్భసంచే లేదు సార్ అని నేను గొప్పగా చెప్పినప్పుడు ఆమె పక్కనే ఉన్నారు. కాసేపటికి ఫోన్ నా చేతికిచ్చి, “నాకు కాదు, డాక్టరుకు చెప్పు. మొదటి నుంచి చెప్పు,” అన్నారు.

చెప్పాను. పది రోజులు బార్లీ నీళ్లు తాగించింది కూడా చెప్పాను. అతను తిట్టలేదు, ప్రశ్నలు వేశాడు. రంగు ఎలా ఉంది, చిక్కగానా పలచగానా, వాసన ఎలాంటిది. రంగుల పేర్లు నాకు అంతగా రావు, వంటింట్లో ఉన్నవే చెప్పాను. మొదటి రోజు మాడిన టమాటా పచ్చడి లాగా చిక్కగా ఉంది. రెండో రోజు చింతపులుసు రంగు, గంటెతో పోస్తే జారేంత. ఈ పొద్దున ఇంకా పలచబడి చారు తేటలాగా, మధ్యమధ్య పలుకులు. వాసన మొదటి రోజు ఉన్నంత లేదు.

“గిదే గదమ్మా నాకు కావల్సింది,” అన్నాడు డాక్టరు. “మందు మంచిగ పనిచేస్తున్నది. ఇన్ని రోజులు ఏం రాసిన్రు మీరు?”

“మామూలు అని రాసిన సార్.”

జ్వరం ఉంది కాబట్టి పొద్దున ఎలాగూ తీసుకురమ్మన్నాడు. స్కాన్ చూశాకే ఏదైనా అని చెప్పాడు. ఆ రాత్రి నేను ఇంటికి పోలేదు. పోయినా అడిక్‌మెట్‌లోని నా గదిలో నాకు నిద్ర పట్టేది కాదు.

పొద్దున డాక్టరు మళ్లీ జిగురు పూసి మిషన్ పెట్టాడు. తెర మీద నేను మొదటిసారి చూసిన నల్లటి గొట్టాలు సగానికి సన్నబడ్డాయి. అతను గీతలు పెట్టి కొలిచాడు, ఇంకోసారి కొలిచాడు. యాంటీబయాటిక్ మార్చాడు. ఇంకో నాలుగు రోజులు చూద్దాం అన్నాడు. మేడం చేయి నా భుజం మీద పడింది, గట్టిగానే పడింది, అందులో కోపం ఎంతో మిగతాది ఎంతో నేను లెక్కవేయలేదు.

ఆ నాలుగు రోజులూ నేను రాసింది చదివినవాళ్లకు అన్నం సహించదు. గడి చాలక పక్క పేజీకి కూడా పోయాను. ‘పొద్దున ఏడుకు, మర్రిచెట్టు బస్టాపు’ అని రాయబోయి, స్థలం అవసరం లేదని మేడం చెబితే కొట్టేశాను. ఐదో రోజుకు చారు తేట నీళ్లయింది. ఎనిమిదో రోజుకు గంజి మీది తేటలాగా ఒక చుక్క. జ్వరం దిగింది. ఆ రోజు నేను మధ్యాహ్నం తినడానికి ఉడకబెట్టుకున్న గుడ్డును బల్ల మీద నుంచి అది ఎత్తుకుపోయింది. ‘ఒక గుడ్డు తిన్నది, పెంకుతో’ అని రాశాను. ఆ పేజీ అందాక డాక్టరు ఫోన్ చేసి, ఇక రాయడం ఆపొచ్చమ్మా అన్నాడు. బతిమాలినట్టే అన్నాడు. మేడం నన్ను నెలరోజులు టమాటా పచ్చడి చేయనివ్వలేదు.

ఈ జబ్బు మళ్లీ వస్తుంది, తర్వాతి ఎద వట్టిగా పోనివ్వొద్దు, పిల్లలు పుట్టాక మాత్రం గర్భసంచి తీయించండి అని డాక్టరు ముందే చెప్పాడు. అలాగే చేశాం. వానాకాలం చివర మళ్లీ మెట్టుగూడ ఆటో ఎక్కాం. ఈసారి ఆటోవాడు అడిగితే మేడం ఉన్నదున్నట్టు చెప్పారు, ఇద్దరమూ మేడం ధైర్యానికి ఆశ్చర్యపోయాం, ఆటోవాడూ నేనూ. కడుపు వచ్చిందని ఈసారి నేను ప్రకటించలేదు. స్కాన్ చెప్పేదాకా నోరు మూసుకున్నాను. చెక్కపెట్టెలో నాలుగు పిల్లలు పుట్టాయి. ఒక్కటే ఆడది. దాన్ని అడగడానికి వచ్చినవాళ్లకు మేడం టీ ఇచ్చి పంపించారు.

పిల్లలు పాలు మానిన తర్వాత ఆపరేషన్ రోజు వచ్చింది. క్లినిక్‌లో ఒక కాగితం ఇచ్చారు. మేడం ఒక చోట సంతకం పెట్టారు. తీసుకువచ్చినవాళ్లు అని ఇంకో గీత ఉంది, అక్కడ నన్ను పెట్టమన్నారు. కాగితం ఇంగ్లిష్‌లో ఉంది. నాకు వచ్చింది తెలుగు.

“దీంట్ల ఏమున్నదో తెలుగుల చదువుండ్రి సార్,” అన్నాను.

డాక్టరు చదివాడు. నేను మధ్యమధ్య ఆపాను. ఏమేం తీస్తారు, తీయకపోతే ఏమవుతుంది, మత్తులో ప్రమాదం ఉందా, తర్వాత దీనికి నడుము నొప్పి వస్తుందా, ముసలితనం తొందరగా వస్తుందా. వెనక ఒక పిల్లిని బుట్టలో పెట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది, ఆమె పిల్లి కూడా విసుక్కుంది. డాక్టరు దేనికీ విసుక్కోలేదు. అన్నీ తెలిసిన మనిషిలా కాకుండా, తెలియనిదానికి తెలియదని కూడా చెప్పాడు. నడుము నొప్పి ప్రశ్నకు మాత్రం కాగితం మీద నుంచి కళ్లెత్తి నన్ను చూసి, “దీనికి రాదమ్మా,” అన్నాడు.

నేను సంతకం పెట్టాను. మూడు అక్షరాల పేరుకు నాకు పట్టిన సమయంలో పిల్లి ఆవిడ కూర్చుని మళ్లీ లేచింది. పక్కనే వేలిముద్రల సిరా పెట్టె కూడా ఉంది, ఎవరికోసమో. దాన్ని చేత్తో కొంచెం దూరంగా జరిపాను.

సాయంత్రానికి కుక్కను ఇంటికి తెచ్చాం. ఆడపిల్ల వచ్చి, కుట్లు నాకకుండా తల్లి మెడకు కట్టిన ప్లాస్టిక్ గొట్టంలో తలదూర్చి ఇరుక్కుంది, దాన్ని ఊడదీయడానికి పావుగంట పట్టింది. తర్వాత నేను పాత నోటుబుక్కు తీశాను. కొట్టివేతలన్నీ ఉన్న పేజీ దాటి, కొత్త పేజీలో నేనే స్కేలు పెట్టి గీతలు గీశాను, కాస్త వంకరగా వచ్చాయి. కుక్క దగ్గర కూర్చుని, దీపం దగ్గరికి జరిపి, కుట్లను రెండుసార్లు చూశాను. రాశాను.

‘మొదటి రోజు. కుట్ల దగ్గర తడి, కొంచెం. నిజంగా కొంచెమే.’